నేను వద్దన్న ఆదివారాలు

2022 వేసవి. విజయవాడ ఫ్యామిలీ కోర్టులో నేను ప్రాక్టీసు మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్ళు. పటమటలో ఒక మందుల షాపు పైన నా ఆఫీసు. ఆడ లాయరు కదా, చిన్నా చితకా చూసుకుంటుందిలే అని సీనియర్లు వదిలేసిన కేసులతోనే మొదటి ఐదేళ్ళు గడిచాయి. ఎవరు ఏ మాట అన్నారో, ఏ వాయిదా రోజున అన్నారో నాకు ఇప్పటికీ గుర్తే.

సునీతని ఎవరూ పంపలేదు. బోర్డు చూసి మెట్లెక్కి వచ్చింది. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. కిశోర్ అనే అతనితో నాలుగేళ్ళు ఒక అద్దె వాటాలో కాపురం చేసింది. పెళ్ళి కాలేదు. కులాలు వేరు, అమ్మ ఒప్పుకోగానే చేసుకుందామని అతను అంటే ఈమె సరేనంది. పాప చిన్మయికి రెండున్నరేళ్ళు. ఇద్దరి మధ్యా గొడవలు ముదిరాక కిశోర్ తల్లి చల్లపల్లి నుంచి వచ్చి, నాలుగు రోజులుంచుకుని పంపుతానని పాపని తీసుకెళ్ళింది. కిశోర్ కూడా సర్దుకుని అక్కడికే వెళ్ళిపోయాడు. నెల దాటినా పాపని పంపలేదు. సునీత వెళితే గేటు బయటే నిలబెట్టి మాట్లాడారు.

"పిల్ల వాళ్ళ రక్తమేనంట మేడమ్. నేనెవరో మాత్రం తెలీదంట," అంది.

ఇక్కడ చట్టం సూటిగానే ఉంది. తల్లిదండ్రులకి పెళ్ళి కాకపోతే, హిందూ మైనారిటీ చట్టం ప్రకారం బిడ్డకి నేచురల్ గార్డియన్, అంటే సహజ సంరక్షకురాలు, ముందు తల్లి. తండ్రి ఆమె తర్వాతే. పైగా అయిదేళ్ళలోపు పిల్లల్ని మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతారు. బర్త్ సర్టిఫికెట్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి బిడ్డ ఎవరిదన్న తగాదా కూడా లేదు. బిడ్డని అప్పగించమని ఓపీ వేశాను. అసలు పిటిషన్‌ని మేము ఓపీ అంటాం.

మొదటి వాయిదా రోజున అవతలి సీనియర్ లాయరు వరండాలో నన్ను ఆపాడు. "పెళ్ళే లేకపోతే కస్టడీ ఏంటమ్మా? ముందు తాళి ఎక్కడుందో వెతుక్కోమను మీ క్లయింటుని," అన్నాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. సునీత నా వెనకే నిలబడి ఉంది. ఆయన పేరు రాయను. ఇది చదివితే ఆయనకే తెలుస్తుంది.

పాప చల్లపల్లిలో ఉంది కాబట్టి ఈ కేసు విజయవాడ కోర్టు పరిధిలోకి రాదని వాళ్ళు అభ్యంతరం పెట్టారు. దాని మీదే వాయిదాలు నడిచాయి. ఇలాంటప్పుడు ఓపీ తేలేలోగా ఐ.ఎ. అనే చిన్న పిటిషన్ వేసి, విజిటేషన్, అంటే వారానికోసారి బిడ్డని చూసుకునే వీలు, అడగవచ్చు. నేను అడగలేదు. పూర్తి హక్కున్న తల్లి చూడ్డానికి అనుమతి అడుక్కోవడమేమిటని నా పట్టుదల.

నాలుగో వాయిదాకి ఆ సీనియరే నా దగ్గరికి వచ్చాడు. ఆదివారాలు పాపని పటమటలో సునీత ఉంటున్న వాటాకి పంపుతారని, సాయంత్రం దాకా ఉంచుకోవచ్చని, కేసు దారి కేసుదేనని చెప్పాడు. ఆ రోజు మర్యాదగానే మాట్లాడాడు. నా చెవుల్లో మాత్రం మొదటి రోజు నవ్వే ఉంది.

"ఒప్పుకుంటే కేసు పోద్దా మేడమ్?" అని సునీత అడిగింది.

"పోదు. కానీ వాళ్ళు దయతలిస్తే చూసుకున్నట్టు ఉంటుంది. ఆర్డర్‌తోనే తెచ్చుకుందాం."

ఆమె కాసేపు చున్నీ కొసని మడతపెట్టి విప్పింది. "సరే మేడమ్. మీకు తెలుసు కదా."

నిజంగానే నాకు తెలుసు. ఈ ఏర్పాటు వల్ల తల్లి హక్కుకి ఏ భంగమూ లేదని ఒక్క వాక్యం రాసి మెమో దాఖలు చేస్తే సరిపోయేది.

ఉత్తర్వు రావడానికి ఏడాదిన్నర పట్టింది. నేను వాదించిన ప్రతి మాటా అందులో ఉంది. సీనియర్ నా వైపు చూడకుండా ఫైలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం నాకు చాలా సంతోషంగా ఉందని ఒప్పుకోవాలి.

వారం తర్వాత కోర్టులో పిల్లల గదిలో అప్పగింత. నాలుగేళ్ళు దాటిన చిన్మయి నాయనమ్మ చీర పట్టుకుని వదలలేదు. సునీత బొమ్మ అందిస్తే ముఖం తిప్పేసుకుంది. చివరికి ఆ పెద్దావిడే పాప వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించింది. ఆవిడ గేటు బయట నిలబెట్టిన మనిషే. కానీ ఆ రోజు గొంతు తగ్గించి చెప్పింది: "పడుకునేటప్పుడు వీపు నిమరాలమ్మా. లేపోతే నిద్రపోదు. పెరుగన్నంలో ఉప్పెయ్యమాక, తినదు."

సునీత తలూపుతూ వింది. తన బిడ్డ ఎలా నిద్రపోతుందో ఇంకొకరి దగ్గర నేర్చుకుంటోంది. నేను పక్కనే ఉత్తర్వు కాపీ పట్టుకుని నిలబడ్డాను.

మూడు నెలల తర్వాత, స్కూల్లో చేర్చడానికి ఇంకో కాపీ కావాలని వచ్చింది. పాప ఎలా ఉందని అడిగాను.

"ఏడుపు మానేసింది మేడమ్. మంచినీళ్ళు తాగాలన్నా తాగొచ్చా అని అడుగుద్ది. ఫ్రిజ్ తియ్యాలన్నా అడుగుద్ది. చుట్టాలింటికి వచ్చినట్టే ఉంటది." కాపీ సంచిలో పెట్టుకుంటూ ఆగింది. "ఆ ఆదివారాలకి నేను గట్టిగా పట్టుబట్టాల్సింది మేడమ్. తప్పు నాదే. వారానికోసారి కనపడినా మర్చిపోయేది కాదు."

వద్దన్నది నేను. ఆ మాట అప్పుడే అనవలసింది. సీలు సరిగ్గా పడిందో లేదో చూస్తానని కాపీ మళ్ళీ తీసుకుని, దాని మీదికి తల వంచుకున్నాను.

ఇప్పుడు కస్టడీ కేసు ఏది వచ్చినా ఓపీతో పాటే విజిటేషన్ ఐ.ఎ. వేస్తాను. అవతలివాళ్ళు గంటసేపు చూపిస్తామన్నా వెళ్ళి చూసి రమ్మంటాను. మనం ఆర్డర్ తెచ్చేదాకా బిడ్డ ఎదగకుండా ఆగదు. ఎందుకింత తొందరని జూనియర్లు అడిగితే సెక్షన్లు చెబుతాను. సునీతకి చెప్పవలసింది మాత్రం ఇంకా చెప్పలేదు.