ఫ్రాన్సు నుంచి వచ్చిన మా పిన్ని

పోయిన మంగళవారం పొద్దున మా పిన్ని చనిపోయింది. రెండు రోజుల జ్వరానికే తట్టుకోలేకపోయింది. పాడేరు బడిలో పాఠం చెబుతున్న నాకు చింతపల్లిలోని మా బంగళా నుంచి వంటమ్మ ఫోన్ చేసి, "బేగి రా పాపమ్మా, దొరసానమ్మ మరి లేదు" అంది.

పిన్నిది ఫ్రాన్సు. ఇళ్ళల్లో బట్టలుతికే తల్లికి పుట్టి, హోటళ్ళలో డాన్సులు చేస్తూ దేశాలు తిరిగింది. పాండిచ్చేరిలో ఒక వ్యాపారిని పెళ్ళాడి, అతను పోయాక విశాఖపట్నంలో మా నాన్నకు పరిచయమైంది. జమీ పోయినా బంగళా, పేరూ మిగిలిన కుటుంబం మాది. అప్పటికి మా అమ్మ లేదు. నాన్న ఆమెను పెళ్ళి చేసుకుని చింతపల్లి తీసుకొచ్చాడు. పట్టుచీరతో జీపు దిగిన పిన్నిని చూసి మేనత్తలు, "ఆస్తి కోసం వచ్చింది" అన్నారు. ఆమెకు తెలుగు రాదు కదా అని గట్టిగానే అన్నారు.

తెలుగు ఆమెకు వంటమ్మ నేర్పింది. అందుకే పట్నం నుంచి పెద్దవాళ్ళు భోజనానికొస్తే, వంటమ్మ యాసలోనే "ఏటి, కూర బాగోలేదా?" అని అడిగేది. వాళ్ళు నవ్వేవారు. తనూ నవ్వి, ఇంకాస్త వడ్డించేది.

పదిహేనేళ్ళ వయసులో ఒకరోజు కోపం పట్టలేక అడిగేశాను. "నువ్వు నాన్నను ఆస్తి కోసమే చేసుకున్నావా?"

కాఫీ గింజలు వేయిస్తున్న చెయ్యి ఆగలేదు. "అవునే గుంటా. ఆకలంటే బయమేసి సేసుకున్నాను. మంచోడని తరవాత తెలిసినాది."

తర్వాత నాన్నకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మేనత్తలు రావడం తగ్గించారు. పిన్నే ఏళ్ళ తరబడి అన్నం కలిపి పెట్టింది, గడ్డం గీసింది. సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి తన భాషలో పాటలు పాడేది. ఆయన కళ్ళు ఆమె మీదే ఉండేవి.

నాన్న పోయాక మేనత్తలు విమానం టికెట్ కొనిస్తామన్నారు.

"ఎక్కడికెల్తాను? అక్కడ నన్ను ఎరిగినోళ్ళెవలున్నారు?" అంది పిన్ని. బంగళా నా పేరున రాయించి, తను వంటింటి పక్క గదిలోకి మారింది. వద్దంటే వినలేదు. అక్కడైతే మాట్లాడటానికి మనుషులుంటారంది.

నేను ఆమెను అమ్మా అని ఎప్పుడూ పిలవలేదు. ఆమె అడగలేదు. ఇప్పుడు అదే గుర్తొస్తోంది.

వంటమ్మ వాళ్ళ ఊరి ఆడవాళ్ళే ఆమెకు స్నానం చేయించి, తలకు నూనె రాసి దువ్వారు. సాయంత్రం కాఫీ తోట పైనున్న వాలులో పాతిపెట్టాం. అందరూ దిగిపోయారు. వంటమ్మ మాత్రం లేవలేదు.

"పద, మంచు దిగుతోంది" అన్నాను చెయ్యి పట్టుకుని.

"అదేనమ్మా" అంది. భుజం మీది దుప్పటి తీసి, ఆ కొత్త మట్టి మీద పరిచి, నిద్రపోతున్న మనిషికి కప్పినట్టు అంచులు సర్దింది.