ఒక్క విజిల్

హైదరాబాదు మైత్రీవనం వెనక సందులో, నేను కోచింగ్ కోసం చేరిన హాస్టల్లో, గది తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉండేది. గదిలో వంట చేసినవాళ్ళు అదే రోజు ఖాళీ చేయాలి. నా రూమ్మేట్ జింబాబ్వే నుంచి చదువుకోవడానికి వచ్చిన షోనా అమ్మాయి. యూసుఫ్‌గూడలో మూడు చోట్ల ఆమెకు గది లేదు పొమ్మన్నారు. ఇక్కడ దొరికింది. ఇక్కడే ఉంటోందని హాస్టల్ ఆంటీ సంతకం చేసిన కాగితం సోమవారం వీసా ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే ఆమె చదువు ఆగిపోతుంది. ఆ కాగితం సంతకం లేకుండానే నాలుగు రోజులుగా ఆంటీ బల్ల మీద, పాన్‌డబ్బా కింద ఉంది. అడిగినప్పుడల్లా, "రేపు పెడ్త తియ్ బిడ్డా" అనేది ఆంటీ.

అయినా ఆ ఆదివారం వండాం. రెండు వారాల జ్వరం తర్వాత నా రూమ్మేట్‌కు ఏదీ సయించడం లేదు. హాస్టల్ సాంబారు వాసనకే మొహం తిప్పుకునేది. "మా అమ్మమ్మ చేసే ముతాకురా తింటే లేచి తిరుగుతాను" అంది.

ఎండు మొక్కజొన్న గింజలు, బొబ్బర్లు, పల్లీలు, వాళ్ళ ఊరి న్యిమో గింజలు కలిపి మెత్తగా ఉడికిస్తే ముతాకురా. న్యిమోలు ఆమె సంచిలో చివరి గుప్పెడు మిగిలాయి. గోలీల్లా గుండ్రంగా, రాళ్ళంత గట్టిగా ఉన్నాయి. ముందురోజే నానబోసి మంచం కింద దాచాం. పక్కకి, పల్లీల ముద్ద వేసిన నాటుకోడి.

ఆంటీ భోంచేసి నాలుగింటిదాకా నిద్రపోతుంది. ఒంటిగంటకి ఇండక్షన్ స్టవ్ ఆన్ చేసి, తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కాం. కోడి ఉడికింది. గింజలు ఉడకలేదు. మూడున్నరకి కూడా పంటి కింద కటుక్కుమన్నాయి. నా రూమ్మేట్ డాబా మీద బట్టలు తేవడానికి లేస్తూ, "తొందరపడకు, వాటంతట అవే ఉడుకుతాయి" అంది.

కుక్కర్ లేకుండా పప్పులు ఉడకడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. అమ్మ ఇచ్చి పంపిన చిన్న కుక్కర్ నా పెట్టెలో ఉంది. గింజలన్నీ అందులోకి వంపేశాను. విజిల్ వచ్చేలోపు దింపేయొచ్చనుకుని పక్కన పుస్తకం తెరిచాను. రెండు పేజీలు చదివానేమో.

విజిల్ వచ్చింది. స్టవ్ ఆపేశాను. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత కింద కుర్చీ జరిగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఏ తొందరా లేకుండా, ఒక్కో మెట్టే.

ఆంటీ వెనకే, చేతుల నిండా బట్టలతో ఆమె కూడా గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది? గీ రూముల్నేనా కూసింది?"

ఆవిరి పోయేదాకా ఆంటీ నిలబడే ఉంది. తనే మూత తీసి, నా పుస్తకం మీద పెట్టి, లోపలికి తొంగి చూసింది.

"అరే, గుడాలు! మక్కలు సుత ఏసిన్రా?" గుగ్గిళ్ళు తిన్నట్టే నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. "మస్తుగున్నయ్. మా అమ్మ గిట్లనే చేస్తుండె."

మంచం అంచున కూర్చుంది. ప్లేటులో పెట్టిచ్చాం. ఎముక చీకుతూ, "జర పులుసు ఎయ్" అని అడిగి మరీ వేయించుకుంది. నా రూమ్మేట్ చాలా రోజుల తర్వాత నవ్వింది. తను ఇంకా ఒక్క ముద్ద తినలేదు.

ఆంటీ ప్లేటు ఖాళీ చేసి, అందులోనే చెయ్యి కడుక్కుని అడిగింది.

"కుక్కర్ ఎవల్ది?"

నాదే అనాలి. అంటే మా అమ్మకి ఫోన్ వెళ్తుంది, కోచింగ్ మాని వచ్చెయ్యమంటారు. ఖాళీ ప్లేటు అందుకోవడానికి వంగాను.

"నాది, ఆంటీ" అంది ఆమె, వచ్చిన కాస్త తెలుగులో.

"సరే" అంది ఆంటీ, నన్నే చూస్తూ.

ఆ సాయంత్రమే నా రూమ్మేట్ చేత గది ఖాళీ చేయించింది. ఆమె పంజాగుట్టలో ఒక క్లాస్‌మేట్ గదికి పెట్టె లాక్కుంటూ వెళ్ళింది. మిగిలిన గింజలు ఒక డబ్బాలో పెట్టిచ్చాను.

సోమవారం పొద్దున్నే కిందికి వెళ్ళాను. "ఆంటీ గారూ, కుక్కర్ నాది."

"నాకెర్క లేదనుకున్నవా? మూత మీద మీ అమ్మ పేరు చెక్కి లేదా? సూసుకుంటనే తిన్న."

"మరి తనెందుకు వెళ్ళాలి? ఆ సంతకం..."

"నిన్న జెప్తవేమోనని సూసిన" అంటూ ఆంటీ పాన్‌డబ్బా చేతిలోకి తీసుకుంది. దాని కింద కాగితం లేదు. బల్ల కింద చెత్తబుట్టలో దాని ముక్కలున్నాయి.