ఉల్లినారు నాటిన సాయంత్రం

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది వానాకాలం మొదట్లో, నాన్న నన్ను ఆస్పరి పక్కనున్న మా పల్లె నుంచి తీసుకొచ్చి ఎమ్మిగనూరులో అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లాడు. ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. వాళ్లది నేతపని చేసుకునే ఇల్లు. ముందుగదిలో మామ మగ్గం, వెనక పెరట్లో అవ్వ కూరగాయల మడులు. అందరూ నన్ను ప్రేమగానే చూశారు. అయినా నాకు ముద్ద దిగేది కాదు. ఎవరేం అడిగినా తల ఊపడమే తప్ప నోరు విప్పేదాన్ని కాదు.

పెరట్లో ఒక మూల అవ్వ ఉల్లినారు పోసింది. సన్నటి పచ్చదారాల్లా ఒత్తుగా లేచిన ఆ నారు పక్కన కూర్చోవడం ఒక్కటే నాకు ఇష్టంగా ఉండేది. ఎప్పుడు నాటుతావని మామ అడిగితే, అవ్వ ఒక మొక్క మొదలును రెండు వేళ్ల మధ్య పట్టి చూసేది.

"ఇంకా ల్యాతగా ఉండాదిరా. ఇప్పుడు పీకితే ఎండకు మాడిపోతాది. మరీ ముదిరినాక నాటితే గడ్డ ఊరదు."

ఒక సాయంత్రం, ముసురు పట్టి నేల మెత్తబడ్డాక, ఈ పొద్దే నాటాలని అవ్వ కొంగు బిగించింది. ఆమె మొదటి మొక్క పీకగానే నాకేమైందో తెలియదు, వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"పీకొద్దు అవ్వా! అవి ఆడ పుట్టినాయి. ఆడనే ఉండనీ."

ఆ ఇంట్లో నేను నోరు తెరిచి అన్న మొదటి మాట అదే. అవ్వ పీకిన మొక్కను పక్కన పెట్టింది. వాదించలేదు.

"సరేలేమ్మా. ఈ మూలవి నీవి. వాటి జోలికి పోను" అని గుప్పెడు నారు అక్కడే వదిలేసింది. మిగతా నారును కట్టగా పట్టుకుని కత్తెరతో ఆకుల కొనలు కత్తిరించింది. నేను బిత్తరపోయాను.

"వేరు పట్టేదాకా అంత ఆకుకు నీళ్లు అందియ్యల్యాదు తల్లీ. దానికి పని తగ్గిస్తాండా" అంది.

మరునాడు ఎండ కాసింది. నాటినవన్నీ నేలకు వాలిపోయాయి. చచ్చిపోయాయని ఏడ్చాను. అవ్వ పుల్లలు పాతి, వాటిమీద పాత చీర పరిచి నీడ చేసింది.

"చోటు మారినాయి గదా, దిగులు పడినాయి. పడనీ. లెయ్యమని మనం తొందరపెట్టగూడదు."

ఆ రోజు నన్ను కూడా తినమని ఎవరూ బతిమాలలేదు. అన్నం గిన్నె నా పక్కన పెట్టి అవ్వ తన పనికి పోయింది.

కొన్నాళ్లకు ఒక ఉదయం పెరట్లోకి వెళ్లి అలాగే నిలబడిపోయాను. అన్నీ లేచాయి. కత్తిరించిన ప్రతి మొక్క నడుమ నుంచి ఒక కొత్త ఆకు, కొన మీద మంచుబొట్టుతో నిటారుగా నిలబడి ఉంది. ఒకదాన్ని మెల్లగా లాగి చూశాను. నేల వదల్లేదు.

"అవ్వా! లేచినాయి!" అని నేను పెట్టిన కేకకు మగ్గం ఆగిపోయింది. మామ పరుగెత్తుకొచ్చాడు. ఆ పూట నేనే అన్నం అడిగి తిన్నాను.

చలికాలానికి గడ్డలు తవ్వాం. నాటినవి పిడికిలంత ఊరాయి. నేను కదలనివ్వనివి ఒకదానికొకటి ఇరుక్కుని గోలీలంతే మిగిలాయి. చూశావా అని అవ్వ అనలేదు. వాటిని పులుసులో వేసి నాకే వడ్డించింది. తియ్యగా ఉన్నాయి.

ఇప్పుడు ఆదోనిలో ఉంటున్నాను. మా కోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో వంటింట్లో గోడకు ఆనుకుని ఏడుస్తుంటే, ఏమైందని ఇంటిల్లిపాదీ చుట్టుముట్టారు. అందరినీ బయటికి పంపి, ఆమె దగ్గర గ్లాసుడు మజ్జిగ పెట్టి నేనూ వచ్చేశాను. ఏమీ అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. ఒక ఉదయం వంటింట్లోంచి కూనిరాగం వినిపించింది. ఆ పిల్ల గొంతు అంత బాగుంటుందని మాకెవరికీ తెలియదు. చేతిలో పని వదిలేసి, గుమ్మం బయటే నిలబడి విన్నాను.