రెండో వయొలిన్

1943లో పాలమూరు జిల్లాలోని ఒక సంస్థానం బ్యాండులో నేను రెండో వయొలిన్‌గా చేరాను. తాత్కాలిక ఉద్యోగం. మొదటి వయొలిన్ యాకోబు మామ. నల్లగొండ మిషన్ బడిలో నాకు వయొలిన్ కమాను పట్టడం నేర్పింది ఆయనే. పెళ్లిళ్లకు, దర్బార్లకు బ్యాండంతా కదిలేది. ఇంగ్లీషు దొరలు వస్తే మాత్రం మా ఇద్దరినే పిలిచి వాళ్ల సంగీతం వాయించమనేవారు.

ఆ పద్ధతిలో రెండు వయొలిన్లకు రెండు వేర్వేరు కాగితాలుంటాయి. మొదటిది పాట ఎత్తుకుంటే రెండోది దాని కింద నడుస్తుంది. ఒకచోట ఆగుతుంది, ఒకచోట ఎదురొస్తుంది. నా వరస విడిగా వింటే అందులో పాటే ఉండదు, రెండూ కలిస్తేనే నిండుతనం. మన కచేరీల్లో పక్కవాద్యం పాడేవాడి వెంటే పోవాలి కాబట్టి, అలవాటు లేని చెవికి రెండోవాడు దారి తప్పినట్టు వినిపిస్తుంది. ఇది మాకు ముందే తట్టాల్సింది.

ఆ వేసవిలో మహబూబ్‌నగర్ క్లబ్బులో కచేరీ. బాగా జరిగితే నన్ను ముస్తఖిల్, అంటే పర్మినెంటు, చేస్తానని సంస్థానం దివాన్ గారు మాటిచ్చారు. ముస్తఖిల్ అయినవాళ్లకు సంస్థానం ఇల్లిచ్చేది. మా ఊరు మర్రిగూడ నుంచి నాన్నను, మా బాపును, తెచ్చి ఆ ఇంట్లో పెట్టుకోవాలని నా ఆశ. ఊళ్లో భూస్వామి దొర ఉండే గడిలో వెట్టి చేసి చేసి ఆయన నడుం వంగిపోయింది.

ఎవరికోసం కచేరీ పెట్టారో ఆ ఇంగ్లీషు ఇంజనీరు కారు జడ్చర్ల దగ్గర చెడిపోయి ఆయన రానే లేదు. ఇంగ్లీషు సంగీతం ఎరగని వకీళ్లు, ఆఫీసర్లు చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. మొదటి భాగం మేము ఎన్నడూ వాయించనంత బాగా వాయించాం. నాకు చాలా సంతోషమైంది. విరామంలో దివాన్ గారు మమ్మల్ని వరండాలోకి పిలిచారు.

"యాకోబూ, గీ పోరడు నీ వెంబడి వస్తలేడు. నువ్వొకటి వాయిస్తే వాడొకటి వాయిస్తుండు. నలుగురిల ఇజ్జత్ పోతాంది."

"హుజూర్, ఇంగ్లీషుల గట్లనే ఉంటది..."

"నాకు చెవులున్నయి. ఇద్దరు ఒకటే వాయించుండ్రి. లేకుంటే వానికి నౌకరీ లేదు."

ఆయన లోపలికి వెళ్లాక మామ నా కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా దాంట్ల చూసి వాయించు అల్లుడా. ముందుగాల నౌకరీ నిలవడనీ" అన్నాడు.

రెండో భాగమంతా ఇద్దరం ఒకే కాగితం చూసి ఒకటే వాయించాం. సంగీతంలో సగం పోయింది, చప్పట్లు మాత్రం అప్పుడే మోగాయి. "ఇప్పుడు దారికొచ్చిండు" అని దివాన్ గారు నా భుజం తట్టారు.

నేను ముస్తఖిల్ అయ్యాను. ఇల్లు ఖాళీ అయ్యేదాకా ఆగమన్నారు, ఆగాను. ఆ తర్వాత ఎక్కడికి పోయినా అదే హుకుం, ఇద్దరిదీ ఒకటే పాట. వాయించి వాయించి నాకు విసుగు పుట్టింది.

మరుసటి ఏడు సంస్థానంలో ఖర్చులు తగ్గించాల్సి వచ్చింది. "ఇద్దరు వాయించేది ఒక్కటే అయినప్పుడు ఇద్దరెందుకు?" అని దివాన్ గారే అడిగారు. రెండో వయొలిన్ ఉద్యోగం తీసేశారు. నాకు ఇల్లు రాలేదు. బాపు గడిలో పనిచేస్తూనే చనిపోయాడు.

తర్వాత ఒక మిషన్ బడిలో సంగీతం టీచరుగా రిటైరయ్యేదాకా పనిచేశాను. ఆ కచేరీ నాకు నేర్పింది ఒక్కటే. నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఎక్కడ వాయించినా ముందుగా నేను లేచి నిలబడి, "వీళ్లిద్దరు వేరువేరు వాయిస్తరు. తప్పు పోతలేరు" అని చెప్పేవాణ్ణి. ఆ మాట అయ్యాకే వాళ్లను కమాను ఎత్తనిచ్చేవాణ్ణి.