విమానంలో హంపికి, ఒక పలుగురాయి తక్కువగా

కర్నూలు హైస్కూల్లో నేను ఇరవై రెండేళ్ళుగా చరిత్ర పాఠాలు చెబుతున్నాను. ఏటా దసరా సెలవులు కాగానే విజయనగరం మొదలవుతుంది. హంపిలో కోటగోడలు ఎన్ని వరసలో, ఏ వీధి ఎటు తిరుగుతుందో నల్లబల్ల మీద చూడకుండా గీసేయగలను. అలాంటి నేను హంపి ఎప్పుడూ చూడలేదు. ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదు గానీ మా ఆవిడకు తెలుసు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, "చూడని ఊరి గురించి ఇరవై రెండేళ్ళు జీతం తీసుకున్న మనిషి మీరొక్కరే" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ పూట మజ్జిగన్నం సహించలేదు.

పోవడానికి దారి లేక కాదు. కర్నూలులో రైలెక్కి డోన్‌లో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి మారితే హోస్పేట చేరతాం. అక్కడి నుంచి ఎద్దులబండి. పోనూ రానూ మూడు రోజులు పడుతుంది, పైగా బండి ప్రయాణం నా కడుపుకు పడదు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. కడపవాడైన కెప్టెన్ ఖాదర్ పట్టాళం నుంచి తిరిగొచ్చి, అమ్మకానికి పెట్టిన ఒక చిన్న విమానం కొనుక్కుని, ఊరి బయట పత్తిమిల్లు పక్కన చదును చేసిన నేలలో దించాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేలా హంపి, మనిషికి నలభై రూపాయలు, దారి తెలిసిన గైడుతో సహా అని కరపత్రాలు పంచారు. నలభై అంటే నా జీతంలో సగానికి పైమాటే. మా ఆవిడే పెట్టెలోంచి తీసిచ్చి, "చూసి రండి, ఇక నన్నేమీ అనకండి" అంది.

డిసెంబరు మొదటి శనివారం పొద్దున ఆరు గంటలకే మిల్లు దగ్గరికి చేరాను. చలిగా ఉంది. గైడంటే తలపాగా చుట్టుకుని నాలుగు భాషలు మాట్లాడే మనిషని ఊహించుకున్నాను. తీరా చూస్తే అరవై ఏళ్ళ కూలిమనిషి ఒకాయన, మోకాళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని, విమానం చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు. పేరు దేవదానం, ఊరు కోసిగి దగ్గర పల్లె. ఈ మైదానంలో రాళ్ళేరే పనికి వచ్చినప్పుడు, ముప్పై ఏళ్ళుగా హంపికి పోయొస్తున్నానని కెప్టెన్‌తో అన్నాడట. కెప్టెన్ అంతకన్నా ఏమీ అడగలేదు.

"హంపిలో నీకు ఏమేం తెలుసు?" అన్నాను పరీక్ష పెట్టినట్టు.

"సుగ్గికి పోతాం గదా అయ్యవారూ. వరికోతలకు, చెరుకు నరకను. యాడ నీళ్ళు తియ్యగుంటాయో, యాడ పండుకోవచ్చో అన్నీ తెలుసు" అన్నాడు.

వానలు ఎగ్గొట్టిన ఊళ్ళ జనం పంటకోతలకు పడమటికి నడిచిపోవడాన్ని వాళ్ళు సుగ్గి అంటారు. నా నలభై రూపాయలు సుగ్గి కూలీ చేతిలో పెట్టానని అర్థమైంది. ఒళ్ళు మండింది. కెప్టెన్ వైపు చూస్తే ఆయన పెట్రోలు డబ్బా లెక్కలో ఉన్నాడు.

తరువాత మమ్మల్ని తూచారు. మీరు పోదలచుకుంటే ఇది ముందే తెలుసుకోండి, సిగ్గుపడి లాభం లేదు. పత్తిబేళ్ళు తూచే కాటా మీద నిలబెడతారు. ఇద్దరు మనుషులు, సామాను అంతా కలిపి పదమూడు మణుగులు దాటకూడదు, అవతల దిగే నేల పొట్టిది. నేను ఆరు మణుగులని రాసిచ్చాను. కాటా ఏడు చూపించింది. నా టిఫిన్ క్యారియర్ నేనే పక్కన పెట్టేశాను. అయినా ఇంకొక వీశె ఎక్కువ తేలింది. మిగిలినవి నా మూడు చరిత్ర పుస్తకాలు, దేవదానం చేతి మూట. కెప్టెన్ మూట విప్పించాడు. అందులో తెల్లటి పలుగురాయి, వీశె బరువుది.

"అరె, విమానంలో రాయేందప్పా!" అన్నాడు కెప్టెన్.

దేవదానం లేచి నిలబడి చెప్పాడు. "మా పాపది సామీ. శిరుగుప్ప దారిలో ఉండాది. కరువు సంవత్సరం సుగ్గికి పోతా ఉంటే జొరమొచ్చి దారిలోనే పోయింది. రూతు దాని పేరు. నాలుగేండ్లు. ఆడనే పూడ్చి, నాలుగు పలుగురాళ్ళు సిలువ మాదిరి పెట్టినాం. పోయేటప్పుడు ఒక రాయి, వచ్చేటప్పుడు ఒక రాయి, ఏ సంవత్సరమూ తప్పలేదు. మా ఇంటామె పానం పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకోని, తప్పొద్దని చెప్పింది. ఈ ఏడు మోకాళ్ళు సచ్చినాయి, నడవలేకపోయినా. మావోళ్ళంతా హంపి కాడ కోతల్లో ఉండారు. ఈ రాయి వాళ్ళ చేతికిస్తే, తిరిగొచ్చేటప్పుడు దాని కాడ పెడతారు."

కెప్టెన్ నా వైపు తిరిగాడు. "ఒక పుస్తకం వదుల్తారా సార్?"

ఇప్పుడు రాస్తుంటే నాకే ఏవగింపుగా ఉంది గానీ దాచను. నేను వాదించాను. రాయి ఎక్కడైనా దొరుకుతుంది, పుస్తకం దొరకదు అన్నాను. వాళ్ళవాళ్ళు దారిలో మరో రాయి ఏరుకుని అతని పేర పెట్టవచ్చు, ఫలితం ఒకటే అన్నాను. తరగతిలో ఎదురు చెప్పేవాళ్ళు లేక, నా వాదనలు నాకు ఎప్పుడూ బాగానే వినిపిస్తాయి. దేవదానం రాయిని కాటా పక్కన గోడవారగా, దొర్లకుండా పెట్టి వచ్చాడు.

ఏడింటికి బయల్దేరాం. ముందుభాగంలో పెట్టెలాంటి చిన్న గదిలో మేమిద్దరం మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చున్నాం. కెప్టెన్ మా వెనక, పైన, బయటి గాలిలో. మధ్యలో పలక పట్టేంత కిటికీ. నేల వదిలిన క్షణం కళ్ళు గట్టిగా మూసుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరిచాను. తుంగభద్ర ఇసుక మధ్య సన్నగా పారుతోంది. దాని వెంటే పడమటికి పోయాం. నల్లరేగడి చేలల్లో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు నడుములు నిమిరి పైకి చూస్తున్నారు. మంత్రాలయం దాటగానే నదిని కుడివైపు వదిలి నైరుతికి మళ్ళాం.

నడిచిన దారే కదా, ఏ ఊరు ఏదో చెప్పమన్నాను. దేవదానం అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. "ఏమీ తెలీల్యా అయ్యవారూ. బావి, చెట్టు, బండ, ఇట్ల గుర్తు పెట్టుకున్యాం. పైనుంచి చూస్తే అన్నీ ఒక మాదిరే ఉండాయి" అన్నాడు. గైడుకే దారి తెలియదని మనసులో ఇంకో మార్కు తగ్గించాను.

ఉన్నట్టుండి విమానం ముక్కు కిందికి వాలింది. కిటికీలోంచి కెప్టెన్ అరుస్తున్నాడు. "గాలి బాగ కలిసొచ్చింది సార్! అదిగో, సున్నం గుర్తు కనపడతాంది. కూర్చోండి గట్టిగా, దించుతాండా!"

దిగే చోట సున్నంతో తెల్లటి గుర్తు వేయించమని ఆయన ముందే మనిషిని పంపి ఉన్నాడు. నేనూ చూశాను. గోధుమరంగు బీడులో, బండిబాట పక్కన, తెల్లగా మెరుస్తూ పెద్ద సిలువ. ఎండ ఏటవాలుగా పడి ఇంకా తెల్లగా ఉంది. చుట్టూ చేటంత చేటంత రాతిగుండ్లు. నేల దగ్గరవుతోంది. దేవదానం లేచి, నా భుజం మీదుగా వంగి, రెండు చేతులతో కిటికీ బాదాడు.

"దిగొద్దు సామీ! దిగొద్దు! అది సున్నం కాదు, మా పాప!"

కెప్టెన్‌కు ఎంత వినపడిందో గానీ ఆ ముఖం చూశాడు. విమానం ఒక్క ఊపున పైకి లేచింది. నా తల పైకప్పుకు కొట్టుకుంది. తరువాత ఎవరూ అడక్కుండానే కెప్టెన్ రెక్క వంచి, ఆ సిలువ చుట్టూ రెండుసార్లు మెల్లగా తిరిగాడు.

దేవదానం కిందికే చూస్తూ, "ఇంత పెద్దగుండాదా" అన్నాడు. నేల మీద నిలబడి చూస్తే అది రాళ్ళ వరసే, ఎంత పెరిగిందో తెలిసేది కాదట. తనూ భార్యా పెట్టినవి అన్నీ కలిపినా వంద లోపే. మిగిలినవి? ఆ దారిన సుగ్గికి పోయిన ప్రతివాళ్ళూ, పోతూ ఒకటి, వస్తూ ఒకటి, ఇతనికి చెప్పకుండా పెట్టుకుంటూ పోయారన్నమాట. "నేను ఒక్కన్నే పెడతాండాననుకున్యా అయ్యవారూ" అని కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నా ఒళ్ళో మూడు పుస్తకాలు ఉన్నాయి. వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఎనిమిదిన్నరకు హంపిని ఆనుకున్న కమలాపురం పక్క బీడులో, అసలైన సున్నం గుర్తు దగ్గర దిగాం. అది ఆ సిలువలో సగం కూడా లేదు. బండి నా కడుపుకు పడదన్నాను, అందుకని అక్కడి నుంచి శిథిలాలకు నడకే, దేవదానం మధ్యమధ్య మోకాళ్ళు పట్టుకుని ఆగుతూ. ఏనుగుల కొట్టం, మహానవమి దిబ్బ, నది ఒడ్డున విఠలుని గుడి, రాతిరథం, అన్నీ చూశాను. బాగున్నాయి. పాఠంలో చెప్పినదానికన్నా పెద్దవి, నిశ్శబ్దమైనవి. దేవదానానికి ఒక్క రాజు పేరు కూడా తెలియదు. ఆయన చూపించినవి వేరు. వానొస్తే అరవైమంది తలదాచుకునే మంటపం ఒకటి. "మా రెండోవాడు ఈడనే పుట్టినాడు" అన్నాడు ఒక స్తంభం తడుముతూ. తరువాత అరటితోటల మధ్య నిండుగా పారుతున్న కాలువ దగ్గరికి తీసుకుపోయాడు. "ఇది కట్టించినోళ్ళు ఎవురో గానీ పుణ్యాత్ములు. దీని నీళ్ళకే వరి పండుతాది, వరి ఉంటేనే మాకు కూడు." రాయల రాజ్యం అంతరించిందని నేను ఏటా బల్ల మీద రాసి కింద గీత గీస్తాను. రాయల కాలం నుంచీ పారుతున్న ఆ కాలువ గట్టున ఆ గీత గుర్తొచ్చి సిగ్గేసింది.

మధ్యాహ్నానికి కోతల మడి దగ్గర వాళ్ళ గుంపు కనిపించింది. నా క్యారియర్ కర్నూలులో ఉంది, ఆకలి దంచేస్తోంది. దేవదానం మరదలు సారమ్మ, వంట ఆమెదే, అడగకుండానే ఆకులో జొన్నసంగటి, గోంగూర పచ్చడి వేసి నా ముందు పెట్టింది. ఇంత రుచిగా ఈ మధ్యకాలంలో తినలేదు. నేను రెండో ముద్ద తీసుకుంటుంటే ఆమె అడిగింది.

"బావా, రాయి తెచ్చినావా?"

నా చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. దేవదానం నా వైపు చూడలేదు.

"మర్సిపోయినా" అన్నాడు.

ఆమె అతన్ని తేరిపార చూసింది. "పాప రాయి మర్సిపోయినావా? ముసిలోనివైపోయినావు బావా" అని పొయ్యి దగ్గరికి పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకుని తింటున్నారు. దేవదానం వాళ్ళ మధ్య ఆ మాట మోస్తూ కూర్చున్నాడు. నేను నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

మూడున్నరకు తిరుగు విమానం. పైకి లేచాక అడిగాను, ఎందుకలా అన్నావని.

"మీరు తింటా ఉండారు గదా అయ్యవారూ" అన్నాడు చాలా మామూలుగా. "తినేటోళ్ళ ముందర అట్లాంటి మాట ఎట్ల చెప్తాం?"

ఐదు దాటాక మిల్లు దగ్గర దిగాం. రాయి గోడవారగా అలాగే ఉంది. దేవదానం వంగబోతే మోకాళ్ళు సహకరించలేదు. నేనే తీశాను. "ఇది నాకివ్వు. క్రిస్మస్ సెలవుల్లో నేను పోయి పెడతాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "బండి పడదన్నారే?" అన్నాడు. "నడుస్తాను" అన్నాను. అప్పుడు ఆ రాయి మీది దుమ్ము తన కండువాతో తుడిచి, నా చేతిలో సరిగ్గా పెట్టాడు.

నడిచాను. కోసిగి స్టేషనులో దిగి, పడమటి బండిబాట పట్టి, ఒకటిన్నర రోజు. కాళ్ళు బొబ్బలెక్కాయి, దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. సిలువ దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. దేవదానం చెప్పినట్టే, నేల మీద నిలబడితే అది ఉత్త రాళ్ళ వరస. మీరెవరైనా పక్కనుంచి చూడకుండా పోతారు. చివర్న దేవదానం రాయి పెట్టి, దొర్లకుండా ఆనించాను. ఇరవై రెండేళ్ళ పాఠంలో నేను కట్టడాలు ఎవరు కట్టించారో చెప్పానే గానీ, ఒక్కొక్క రాయీ ఎవరు మోశారో చెప్పలేదు. విమానంలోంచి చూసినప్పుడు ఏడ్చినవాడు దేవదానం. నాకు అక్కడ, ఎవరూ లేనిచోట, కళ్ళు నిండాయి. నా తరఫున కూడా ఒక రాయి పెట్టి క్షమించమని అడగాలనిపించింది. అరగంట వెతికాను. చుట్టుపక్కల ఒక్క పలుగురాయి దొరకలేదు. ఉన్నవన్నీ ఎప్పుడో అక్కడికి చేరిపోయాయి. ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

అందుకని ఆ దారిన పోయేవాళ్ళకు ఒక్క మాట. సిలువకు మైలు ముందు చిన్న వాగు దాటతారు. ఆ ఇసుకలో పలుగురాళ్ళు దొరుకుతాయి, నేను తిరుగుదారిలో చూశాను గానీ బొబ్బల కాళ్ళతో మళ్ళీ వెనక్కి నడవలేకపోయాను. అక్కడే ఒకటి ఏరుకోండి. రెండు మోయగలిగితే, రెండోది నా పేర పెట్టండి.