కొండమీది రేవు

కోనసీమలో పుట్టినవాడికి ఎత్తంటే ఏటిగట్టు. చేల మధ్య జానెడు ఎత్తున్న నేలను మేం మెరక అంటాం. ఇళ్లు కట్టుకునేది దానిమీదే కాబట్టి దానికోసం అన్నదమ్ములు మాటలు మానేస్తారు. అంతకుమించిన ఎత్తుతో మాకు పని లేదు. ఎప్పుడైనా కొండ ఎక్కామంటే దానిమీద దేవుడున్నాడని, ఆయనకు మేం మొక్కుకున్నామని అర్థం.

నా భార్య మెట్ట మనిషి. గోకవరం దాటాక ఏజెన్సీ మొదలయ్యే చోట వాళ్ల ఊరు. పెరట్లో నిలబడితే కొండ. పెళ్లయి ముక్తేశ్వరం వచ్చిన కొత్తలో వీధి అరుగు మీద నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఏవండీ, మీ ఊళ్లో దూరం కనబడదేంటండీ?" అంది.

ఎటు చూసినా కొబ్బరితోటలే. మాకు దూరం కనబడాలంటే గోదావరి ఒడ్డుకు వెళ్లాలి. ఆ సాయంత్రం ఆమెను రేవుకు తీసుకెళ్లాను. అవతల కోటిపల్లి వైపు చూసి, "ఇది నయం" అంది.

ఆమె పోయాక ఇంట్లో ఆమె మాట వస్తే ముందు గుర్తొచ్చేవి నవ్వొచ్చే సంగతులే. వాటిలో ఎక్కువ భాగం కొండలవి.

అబ్బాయి మూడో తరగతికి, అమ్మాయి ఒకటో తరగతికి వచ్చాక, పిల్లల్ని తన ఊరి కొండ ఎక్కించాలని ఆమె పట్టుబట్టింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు తనను ఎక్కించారట. నేను అమలాపురం లైబ్రరీకి వెళ్లి పర్వతారోహణ మీద దొరికిన ఒకే ఒక పుస్తకం తెచ్చాను. అది హిమాలయాల గురించి. రాత్రి భోజనాలప్పుడు తాళ్లు, గొడ్డళ్లు, ప్రాణవాయువు సీసాలు ఉన్న పేజీ చదివి వినిపించాను.

"తాడెందుకండీ, పిల్లని కట్టెయ్యడానికా?" అంది మజ్జిగ పోస్తూ.

మా అమ్మకు వేరే సందేహం. "ఏ దేవుడే అమ్మాయ్ ఆ కొండమీద?"

"ఏ దేవుడూ లేడండీ అత్తయ్యగారూ."

"మరెందుకే ఎక్కడం?"

"దిగడానికండీ."

అమ్మ నావైపు చూసింది, నీ పెళ్లాన్ని నువ్వే అడుగు అన్నట్టు.

అంత పెద్ద కొండకు ముందు చిన్నదానిమీద అలవాటు చేద్దామని సలహా ఇచ్చింది నేనే. పెద్దాపురం పక్కన ఒక మెట్ట ఉంది. కొండ అనడానికి మొహమాటపడి మెట్ట అన్నారేమో అనిపించేంత ఎత్తు. పంటు మీద గోదావరి దాటి, బస్సులు మారి అక్కడికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లల కాళ్లకు హవాయి చెప్పులు. మంచినీళ్లు బస్సులోనే అయిపోయాయి. కొంతదూరం ఎక్కాక అమ్మాయి, "నాన్నా, ఇంకెంత దూరం?" అంది.

"ఇక్కడే అమ్మా" అన్నాను.

ఈ మాట గురించి కాస్త చెప్పాలి. మా వైపు ఎవరినైనా దారి అడగండి. "ఇక్కడేనండి, ఎంతో లేదండి" అంటారు. ఊరు మూడు మైళ్లున్నా అదే జవాబు. అలసి వచ్చినవాడితో దూరం అని చెప్పడం, దాహమడిగితే నీళ్లు లేవని చెప్పినట్టు ఉంటుంది మాకు. అది అబద్ధమని మాలో ఎవరూ అనుకోరు. మర్యాద అనుకుంటాం.

ఇంకో మలుపు తిరిగాం. అమ్మాయి మళ్లీ అడిగింది. నేను మళ్లీ ఇక్కడే అన్నాను. ఎదురుగా మేకలు తోలుకుని దిగుతున్న ఒకాయనను సాక్ష్యానికి పిలిచాను. "ఏవండీ, పైకెంత దూరమండీ?"

"ఇక్కడేనండి. ఆయ్. ఇదిగో, వచ్చేసేరు" అన్నాడాయన.

ఆ తర్వాతి మలుపులో పైన ఇంకా అంతే కొండ కనబడింది. అమ్మాయి రాయి మీద కూర్చుంది. బతిమాలాను. బెల్లం ముక్క చూపించాను. ఎత్తుకుంటానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. "నాన్న ఇక్కడే అంటారు. అక్కడ ఉండదు" అని వాళ్లమ్మకు ఫిర్యాదు చేసి, కుడిచెప్పు విప్పి కిందకి విసిరింది. చెప్పు కోసం దిగినవాళ్లం మళ్లీ ఎక్కలేదు.

తిరుగు పంటులో సరంగు దాని మొహం చూసి పలకరించాడు. "ఏంటి పాపగారూ, కోపమొచ్చిందా? ఇదిగో, ఒడ్డు ఇక్కడే."

"అబద్ధం" అంది మా అమ్మాయి. పంటులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ నవ్వు ఇంటిదాకా నిలవలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో అదే వరస. "అన్నం ఇదిగో ఉడికిపోయిందమ్మా" అంటే, "అబద్ధం, మామ్మా." "నాన్న ఇప్పుడే వచ్చేస్తారు" అంటే, "నాన్న ఇప్పుడే అంటే రారు." కొండ మాటెత్తితే, "నేను రాను" అనేది. డిసెంబరు సెలవులకు పుట్టింటికి వెళ్లాలని నా భార్య అప్పటికే ఉత్తరం రాసేసింది.

"మోసుకెళ్దాంలే. ఎంత బరువుంటుంది?" అన్నాను.

"మోస్తే అది మీరెక్కిన కొండవుద్దండీ. దానిది కాదు. అయినా మీ మాట మీద దానికి నమ్మకం పోయింది. ముందు అది చూడండి."

ఆ వారం నుంచే ఆమె ఇంట్లో 'ఇక్కడే' అన్న మాట నిషేధించింది. మా అమ్మకు కూడా మినహాయింపు లేదు. దాని బదులు ఏం చెప్పాలో ఆలోచించింది. మైళ్లు, గంటలు అంటే ఆ వయసు పిల్లకు అర్థం కావు. దానికి బాగా తెలిసిన దారి ఒకటుంది. ఇంటి నుంచి కిరాణా కొట్టు, అక్కణ్ణుంచి కాలవ వంతెన, ఆ తర్వాత బడి, బస్సులు ఆగే సెంటరు, ఆపైన ఏటిగట్టు, గట్టు దిగితే రేవు. ఆ దారినే తీసుకెళ్లి తన ఊరి కొండమీద పరిచింది.

"కొండ మొదట్నించి చింతచెట్టు దాకా మన కొట్టుకెళ్లినంత. చింతచెట్టు నించి పలకరాయి దాకా వంతెన. తర్వాత నీళ్ల ఊట ఉంటది, అది మీ బడి. వెదుళ్లొస్తే సెంటరొచ్చినట్టు. ఆపైన నిలువుగా ఉంటది, అదే గట్టు. గట్టెక్కితే రేవు."

"కొండమీద రేవేంటమ్మా?" అన్నాడు అబ్బాయి.

"రేవే. వెళ్లి చూద్దువుగాని."

ఆమె కొలిచింది దూరం కాదు, ఆయాసం. చింతచెట్టు దాకా ఎక్కితే ఎంత అలుపొస్తుందో కొట్టు దాకా నడిస్తే అంత రావాలి కదా. మా నేలేమో చదును. అందుకని సాయంత్రాలు పిల్లల చేత పుస్తకాల సంచులు మోయిస్తూ రేవు దాకా నడిపించింది. ఏటిగట్టును ఒక్కసారి కాదు, ఎక్కించి దింపి మళ్లీ ఎక్కించింది. ఒక్కోచోట ఆగి, "కాళ్లేమంటన్నాయి?" అని అడిగేది.

"బానే ఉన్నామంటన్నాయి" అనేవాడు అబ్బాయి.

సెంటర్లో మాత్రం అమ్మాయి కాళ్లు, "మిరపకాయ బజ్జీ కావాలంటన్నాయి" అనేవి. ఆ కాళ్లకు తరచుగానే దొరికేది.

దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా? "ఏంటి మేష్టారూ, పిల్లల్ని మిలట్రీలో చేరుస్తున్నారా?" అని నన్నడిగేవారు. నేను బడిపంతులును. జవాబు చెప్పడం నా వృత్తే అయినా దీనికి తడుముకునేవాణ్ణి. "కొండకండీ" అంటే, "ఏ దేవుడండీ?" అనేవారు.

మిగతా ఏర్పాట్లన్నీ ఆమెవే. చెప్పులు వద్దు, బడికి వేసుకునే కాన్వాసు బూట్లు చాలు. ఎండెక్కకముందే బయల్దేరాలి. పులిహోర పైకి వెళ్లాక, జంతికలు దారిలో. ఎవరి నీళ్లు వాళ్లు మోసుకోవాలి. చివరగా ఒక రూలు. ఎవరు వెనకబడతారో వాళ్లే ముందు నడవాలి. మిగతా అందరూ వాళ్ల వెనకే. అలా అయితే ఎవరూ ఎవరినీ రమ్మని అరవక్కర్లేదు. ఇవన్నీ ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. నా హిమాలయాల పుస్తకంలో మాత్రం లేవు.

ఇన్ని చేసినా అమ్మాయి వస్తానని మాత్రం అనలేదు. చివరకు మా అమ్మ కదిలించింది. తోటలో దింపిన కొబ్బరికాయ ఒకటి పీచు తీయించి తెచ్చి, "అమ్మడూ, దీన్ని పైన కొట్టాలి. ఎవరో ఒకరు ఉంటార్లే అక్కడ. మీ నాన్న మరిచిపోతాడు, నువ్వు పట్టుకెళ్లు" అంది. దాన్ని సంచిలో పెట్టుకున్నాక ఇక రాననడం ఎలాగో దానికి తెలియలేదు.

డిసెంబరు సెలవుల్లో, కొండ ఎక్కే ఉదయం అమ్మాయి ముందు నడిచింది, మేం ముగ్గురం వెనక. చింతచెట్టు వచ్చింది. "కొట్టు" అంది. పలకరాయి మీద కాసేపు జారుడుబండ ఆడారు. నా భార్య తొందరపెట్టలేదు. తనూ ఒకసారి జారింది. ఊట దగ్గర, "బడొచ్చింది, ప్రేయరు చెప్పండి" అని అబ్బాయి నన్ను ఏడిపించాడు. ఊట దాటాక దారి నిక్కింది. అమ్మాయి అడుగు తగ్గి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఈ సెంటరు నిలబడిందేంటమ్మా?"

"ఆయ్, నిలబెట్టేరు. అందుకే దీన్ని కొండంటారు."

అమ్మాయి నవ్వలేదు. ఒక రాయి చూసుకుని కూర్చుంది. పెద్దాపురంలో కూర్చున్నట్టే. తర్వాత నావైపు చూసింది.

"నాన్నా, ఇంకెంత దూరం?"

నా భార్యను అడగలేదు. నన్నడిగింది. 'ఇక్కడే' నాలుక చివరిదాకా వచ్చింది. తరతరాల అలవాటు. పిల్ల లేవకపోతే ఈ కొండా ఇంతే, ఇక ఏ కొండా ఉండదు. నా భార్య వెదుళ్ల వైపు చూస్తూ నిలబడింది.

"బడి దాటాం. సెంటరు ఇంకా రాలేదు" అన్నాను.

"సగమైందా?"

"కాలేదమ్మా."

కాసేపు ఆలోచించింది. ఒక చీమల బారును చూసింది. తర్వాత, "అయితే ఓ జంతికియ్యి" అంది. అది నమిలి, చేతులు గౌనుకు తుడుచుకుని, లేచి ముందు నడిచింది.

గట్టు నిజంగానే నిలువు. నేనూ చేతులు వాడాను. పైన చదునుగా బండ, గాలి. కింద చేలు, చెరువులు, ఎక్కడో ఎండకు మెరుస్తున్న సన్నటి గీత.

"అదే గోదావరి" అంది నా భార్య. కాదేమో. వాదించలేదు.

"మన పంటు కనబడతందా?" అన్నాడు అబ్బాయి.

"కళ్లు చికిలించు, కనబడద్ది."

అమ్మాయి కాయ తీసింది. చుట్టూ వెతికింది. దేవుడు లేడు, కనీసం పసుపు రాసిన రాయి కూడా లేదు. బండ మీద నేనే కొట్టాను. ఒక చెక్క కాసేపు బండ మీద ఉంచి, ఎవరూ రాకపోయేసరికి అదీ తినేశాం.

తర్వాతి సంవత్సరాల్లో చాలా కొండలెక్కాం. కొన్నింటిమీద దేవుడున్నాడు, కొన్నింటిమీద లేడు. ఏ కొండమీదైనా మా వాళ్లకు మొదటి మజిలీ కొట్టు, చివరిది రేవు.

అమ్మాయి హైస్కూల్లో ఉండగా నా భార్యకు జబ్బు చేసింది. కాకినాడలో చూపించాం. డాక్టరుగారు మంచి మనిషి, మర్యాదస్తుడు. "ఏం పర్లేదండీ, తగ్గిపోద్దండీ, ఎంతో లేదండీ" అన్నారు. తిరిగి వస్తూ పంటులో ఆమె నవ్వింది.

"చూసేరా, ఇక్కడేనంట." నావైపు తిరిగి, "మీరు చెప్పండి. ఎక్కడిదాకా వచ్చాం?" అంది.

రిపోర్టులు నేను చదివాను. "సెంటరు దాటాం" అన్నాను.

"గట్టు కనబడతందా?"

"కనబడుతోంది."

తలూపింది. "అయితే ఇక నేనే ముందు నడవాలి. రూలు నాదే కదా. మీరు వెనకాల మెల్లిగా రండి, తోసుకోకుండా."

పంటు ముక్తేశ్వరం రేవుకు తగిలింది. చెయ్యి పట్టుకుని దింపాను.

ఆమె పోయిన మరుసటి ఏడు డిసెంబరులో, కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి, అమ్మాయి, నేను ఆ కొండకు వెళ్లాం. మాట ఎత్తింది అమ్మాయే. బయల్దేరుతుంటే మా అమ్మ ఎప్పటిలాగే పీచు తీయించిన కాయ తెచ్చి దాని సంచిలో పెట్టింది. పైన ఎవరున్నారని ఆమె అనలేదు, మేం అడగలేదు.

కొండ మొదట్లో పిల్లలిద్దరూ ఆగి నాకు దారిచ్చారు. నా మోకాళ్ల సంగతి వాళ్లకు తెలుసు. "నడవండి నాన్నా, ముందు మీరే" అన్నాడు అబ్బాయి. కొట్టు దాటాం. పలకరాయి మీద ఎవరమూ జారలేదు గాని, అబ్బాయి నన్ను జారమని చాలాసేపు వేధించాడు. ఊట సన్నబడింది. అది దాటి కొంత ఎక్కాక ఊపిరి అందక, ఒక రాయి మీద కూర్చున్నాను. అదే రాయో కాదో చెప్పలేను.

"ఇంకెంత దూరమే?" అన్నాను.

అమ్మాయి పైకి చూసింది, నా మొహం చూసింది. ఇక్కడే నాన్నా అంటుందేమోనని ఒక్క క్షణం భయమేసింది.

"బడి దాటాం నాన్నా. సెంటరు రాలేదు."

"సగమైనా అయిందా?"

"లేదు."

"అయితే ఓ జంతికియ్యి" అన్నాను.