వంపు తర్వాత మూడువందల ఎనభై ఒక్క మీటర్లు

మా అక్క ఇల్లు ఇపో పట్నానికి దక్షిణాన, పామాయిల్ తోటల మధ్య మిగిలిన పాత కూలీ ఇళ్ళ లైన్లలో చివరిది. పెద్దరోడ్డు నుంచి అక్కడికి ఎర్రమట్టి దారి. వారానికి మూడుసార్లు అక్కని డయాలిసిస్‌కి తీసుకెళ్ళే వ్యాను ఆ దారిలోకి వచ్చేది కాదు. ఒకసారి వానలో కూరుకుపోయాక డ్రైవరు రానన్నాడు. కాళ్ళు వాచిన మనిషి పెద్దరోడ్డు దాకా నడిచేది.

నేను పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు చూస్తాను. బడి మూడో ఫారంతో, అంటే తొమ్మిదో తరగతితో, ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఆ సంగతి తెలిసిన లైన్ల కమిటీ పెద్ద, మేమందరం మామా అని పిలిచే ఆయన, ఒకరోజు ఫోన్ చేశాడు. మాట చివర మలయ్ వాళ్ళలా 'లా' తగిలించడం ఆయనకి అలవాటు.

"అల్లుడూ, జిల్లా ఆఫీసోళ్ళు మన రోడ్డుని రిజిస్టర్లో ఎక్కిస్తారంట. ఫారం ఇచ్చినారు. కొలతలు నువ్వే రాయాలి లా. మాకు మీటరేటో అడుగేటో తెల్దు."

రోడ్ల బాగుకి కేంద్రం ఏటా రాష్ట్రాలకిచ్చే గ్రాంటు, రిజిస్టరులో ఎన్ని రోడ్లు, ఎంత పొడవున్నాయో చూసి వస్తుంది. అందులో లేని రోడ్డు మీద ఎంతమంది నడిచినా అది లేనట్టే.

శనివారం వెళ్ళాను. సైకిల్ చక్రానికి గుడ్డపేలిక కట్టి చుట్లు లెక్కపెట్టాను. ఒక చుట్టుకి రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు. వెడల్పుకి టేపు. అక్క మెట్టు మీద కూర్చుని చూస్తోంది.

"ఏట్రా తమ్ముడా, రోడ్డుకి సొక్కా కుట్టిస్తావేటి?"

"కుట్టిస్తే నీ గుమ్మం దాకా సరిపోవాలి కదక్కా."

"సరిపోకపోతే నా కోకలో ముక్క కోసి అతుకు."

వంపు దాకా అన్నీ కుదిరాయి. వంపు దాటాక ఒకచోట కాలువ దారి అంచుని తినేసింది. ఫారంలో అడిగింది అతి సన్నటి చోట వెడల్పు. కావలసినదానికి ఇరవై సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే. టేపుని నాలుగడుగులు ఇవతలికి జరిపితే సరిపోయేది.

మామ నవ్వాడు. "ఇరవై సెంటీమీటర్లా? జానెడు కూడా లేదు. రాసీ లా."

ఎవరైనా వచ్చి కొలిస్తే మొత్తం ఫారం తోసేస్తారని చెప్పాను. అది నిజమైన భయమే. అదొక్కటే కాదు. నేను రాసిన అంకె తప్పని ఇన్నేళ్ళలో ఎవరూ వెనక్కి పంపలేదు, ఆ పేరు నాకు ముద్దు. రోడ్డుని రెండు ముక్కలు చేశాను. వంపు దాకా రిజిస్టరుకి, మిగతాది వెడల్పు చెయ్యమని వేరే అర్జీ. అక్కకి ఈ సంగతి చెప్పొద్దన్నాను. మామ తలూపాడు.

మరుసటేడు తారు పడింది. సెలవు పెట్టి వెళ్ళేసరికి రోలరు వంపు దగ్గర ఆగి ఉంది. కొలవడానికి ఆఫీసు నుంచి ఎవరు వచ్చారని మేస్త్రీని తమిళంలో అడిగాను. ఎవరూ రాలేదన్నాడు. కాగితంలో ఎంతుంటే అంత వేస్తామన్నాడు. "ఎవరు కొలిచారో గానీ బాగా కొలిచారు, ఎక్కడా తేడా రాలేదు" అని మెచ్చుకున్నాడు.

మిగిలింది నూట ఎనభై నాలుగు చుట్లు. మూడువందల ఎనభై ఒక్క మీటర్లు.

వ్యాను వంపు దాకా రావడం మొదలుపెట్టింది. అక్క గొడుగు ఊతం చేసుకుని అక్కడికి నడిచేది. దారిలో రెండుచోట్ల ప్లాస్టిక్ కుర్చీలు వేశాను, ఆగి ఆగి వెళ్ళడానికి. నేను వెళ్ళినప్పుడల్లా టీ కలిపి తిట్టేది.

"ఆ ఆఫీసోళ్ళకి నా గుమ్మం కనపళ్ళేదేటి? మా తమ్ముడు మొత్తం కొలిసి రాసినాడు కదా!"

ప్రతిసారీ చెప్పాలనుకునేవాణ్ణి. టీ తాగి లేచి వచ్చేసేవాణ్ణి. రెండో అర్జీకి, ఈ ఏడు కేటాయింపు అయిపోయిందని జవాబు వచ్చింది.

వానల్లో ఆ ముక్క మోకాలి లోతు బురద. ఫోన్ చేస్తే "ఎల్లొచ్చినాను రా" అనేది. నిజానికి తను డయాలిసిస్‌కి వెళ్ళలేదు. వరసగా రెండుసార్లు మానేసిందని తర్వాత తెలిసింది. ఊపిరాడక పడిపోతే, అంబులెన్సు వంపు దగ్గరే ఆగితే, పక్కింటివాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. ఆసుపత్రిలో మూడోరోజు పోయింది.

శవాన్ని తెచ్చిన బండి కూడా వంపు దగ్గరే ఆగింది. అక్కడినుంచి ఇంటికి ఆరుగురం మోశాం. ముందు ఒకపక్క మామ, ఒకపక్క నేను. బురదలో ఎవరి అడుగూ నిలవడం లేదు. వెనకనుంచి ఎవరో ఏడుస్తూ అన్నారు, "ఈ ముక్క కూడా ఏసుంటే బతికేది కదా. ఎవడు కొట్టేసినాడో!"

మామ నావైపు చూడలేదు. "ఆఫీసోళ్ళే" అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "ఆళ్ళ పాపమే ఇది."

అది నిజం కాదని ఆ ఆరుగురిలో మా ఇద్దరికే తెలుసు. నేను సరిదిద్దలేదు.